పిడికెడు బియ్యం, ఒక పోస్టుకార్డు

మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో పెరిగిన వాళ్లకు ఇంట్లో గడియారం ఉన్నా లేకపోయినా ఒకటే. పొద్దున లాలాగూడ వర్క్‌షాపు సైరన్ మోగితే నాన్న సైకిలు స్టాండు తీసేవారు. మధ్యాహ్నం మోగితే అమ్మ కంచాలు వేసేది. వేళ కాని వేళ మోగిందంటే ఎక్కడో ఏదో ప్రమాదమని ఆడవాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడేవాళ్లు. ఎనభైల మొదట్లో మాట. మా వరుసలో ఒక తమిళ కుటుంబం, ఇద్దరు ముస్లిం ఫిట్టర్లు, చివరి ఇంట్లో గిటారు వాయించే ఆంగ్లో ఇండియన్ డ్రైవరు, మధ్యలో మేము. డిసెంబరు వస్తే రెండు గుమ్మాలకు కాగితపు నక్షత్రాలు వేలాడేవి. డ్రైవరుగారిది జనరల్ బజారులో కొన్నది. మాది నాన్న వెదురు బద్దలు కట్టి, పతంగుల కాగితం అంటించి చేసింది. వానపడితే మాదే ముందు చిరిగేది.

అమ్మమ్మ మాతోనే ఉండేది. తాతయ్య పోయాక మెదక్ పక్కనున్న పల్లె నుంచి ఒక ట్రంకు పెట్టె, ఒక బైబిలు, ఒక డాల్డా డబ్బా పట్టుకుని వచ్చేసింది. ట్రంకు పెట్టెలో ఏముండేదో మాకెవరికీ తెలియదు, తాళం ఆమె కొంగునే ఉండేది. బైబిలు అట్ట ఊడిపోతే గుడ్డ వేసి కుట్టించుకుంది. డబ్బా సంగతి మాత్రం ఇంటిల్లిపాదికీ తెలుసు. పసుపు రంగు మీద పచ్చటి చెట్టు బొమ్మ ఉండే పాత డబ్బా. చెయ్యి పడీ పడీ ఆకులన్నీ చెరిగిపోయి చెట్టు మొదలు మాత్రం మిగిలింది.

రెండు పూటలా అమ్మ బియ్యం కొలిచి చేటలో పోయగానే అమ్మమ్మ వచ్చి ఒక పిడికెడు తీసి ఆ డబ్బాలో వేసేది. వేస్తున్నంతసేపూ పెదవులు కదులుతూ ఉండేవి. పిడికెడు బియ్యం అంటే తెలుగు క్రైస్తవ ఇళ్లలో కొత్తేమీ కాదు. నెలకొకసారి ఆరాధన అయ్యాక చర్చి ఆడవాళ్ల సంఘమైన స్త్రీల మైత్రి వాళ్లు గోనె సంచి నోరు తెరిచి పట్టుకుంటే ఇంటింటి డబ్బాలూ అందులో ఖాళీ అవుతాయి. మా చర్చిలో అయితే ఆ బియ్యం కొంత విధవరాళ్లకు వెళ్లేది, మిగిలినది వేలం వేసి ఆ డబ్బు పల్లెల్లో సువార్త పనికి పంపేవాళ్లు. సోనా మసూరి, కంట్రోలు బియ్యం, ఎవరింట్లోనో చుట్టాలొస్తే తెచ్చిన బాస్మతి, అన్నీ ఆ సంచిలో ఏకమయ్యేవి. వండితే ఒక మెతుకు మెత్తగా, ఒక మెతుకు పలుకు. వేలంలో కొన్నవాళ్లు ఆ అన్నం గురించి ఫిర్యాదు చేయగా నేను వినలేదు, ఇళ్లలో ఏమనుకునేవాళ్లో మరి.

అమ్మకు ఈ వ్యవహారంలో ఒక్కదాని దగ్గరే పేచీ. "కొలిచిన దాంట్లోంచి తీస్తే అన్నం చాలదు, బస్తాలోంచి తీసుకోరాదా అమ్మా" అనేది. అమ్మమ్మ ఒప్పుకునేది కాదు. "బస్తాలోంచి తీస్తే బస్తాకూ తెలియదు, మనకూ తెలియదు. చేటలోంచి తీస్తే ఒక ముద్ద తగ్గుతుంది. ఆ ముద్దే కానుక." అమ్మ ఊరుకోకుండా కొలత కాస్త పెంచింది. అమ్మమ్మ రెండో రోజే కనిపెట్టింది. కొన్నాళ్లు ఇద్దరికీ మాటల్లేవు. అమ్మమ్మ ఏమీ అనకుండా తన కంచంలో ముద్ద తగ్గించుకుంది. అది చూసి అమ్మ పాత కొలతకు వచ్చేసింది.

వెనక వరుసలో ఉండే అత్తయ్యగారు ఉజ్జయినీ మహంకాళికి ఏటా బోనం ఎత్తేది. మా డబ్బా చూసి చూసి ఆమె కూడా ఒకటి పెట్టింది, బోనాలప్పుడు అన్నదానానికి ఇద్దామని. అమ్మమ్మకు తీసుకొచ్చి చూపించింది. అమ్మమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, "మూత వదులుగా ఉంది, పురుగు పడుతుంది. గుడ్డ కట్టు" అంది. ఆ పైన ఎండు వేపాకులు కూడా తనే తెచ్చి వేసింది.

ఈ ఆచారానికి మూలం ఎవరంటే అమ్మమ్మ సారెపతు విధవరాలి పేరే చెప్పేది. రాజుల మొదటి గ్రంథం 17వ అధ్యాయంలో ఉంటుంది. కరువు కాలంలో ఏలీయా ప్రవక్త ఆ ఊరి ద్వారం దగ్గరికి వచ్చేసరికి ఆమె పుల్లలు ఏరుకుంటూ ఉంటుంది. తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె, అవే ఉన్నాయి, అవి తిని నేనూ నా బిడ్డా చచ్చిపోతాం అంటుంది. ముందు నాకొక చిన్న అప్పం చేసి పట్టుకురా అంటాడాయన. చిన్నప్పుడు నాకీ కథ వింటే ఒళ్లు మండేది. ఆకలితో పోయే వాళ్ల దగ్గర అప్పం అడగడానికి నోరెలా వచ్చింది? అదే అడిగాను. అమ్మమ్మ కాసేపు ఆలోచించింది. "ఆయన వచ్చేదాకా ఆమె చావడానికి పుల్లలు ఏరుకుంటోంది. వచ్చాక వండి పెట్టడానికి ఏరుకుంది" అంది. పుల్లలు అవే కదా అనుకున్నాను అప్పట్లో.

ఆ మాట ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత తెలిసింది. మెదక్‌లో చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మిషనరీ 1914లో పెద్ద చర్చి కట్టడం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో ఆ పక్కన కరువు. పనికి వచ్చిన వాళ్లకు ఆ పని మీదే తిండి దొరికింది. పదేళ్లు సాగిన ఆ పనిలో అమ్మమ్మ వాళ్ల నాన్న రాళ్లు మోశాడట. 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు, 175 అడుగుల గోపురం. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. "దొర గంజి పోసి పంపించేసి ఉంటే మా నాయన తాగి వచ్చి పడుకునేవాడు. రాయి ఎత్తించాడు. సాయంత్రం మేస్త్రీలా నడుచుకుంటూ ఇంటికొచ్చేవాడట" అని చెప్పేది, ఆ నడక తనే చూసినట్టు. నాయన మోసిన రాయి చూపిస్తానని క్రిస్మస్‌కు మెదక్ తీసుకెళ్లిన ప్రతిసారీ ఒక్కో గోడ దగ్గర ఒక్కో రాయి చూపించేది. మేమెప్పుడూ ఎదురు చెప్పలేదు.

ఆ చర్చి లోపల మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలున్నాయి, క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం. బయటి నుంచి చూస్తే ఏమీ తెలియదు, లోపల నిలబడితే పగటి వెలుగులో రంగులన్నీ కనబడతాయి. దీన్ని ప్రసంగంలో వాడుకోని పాస్టరును నేనింతవరకు చూడలేదు కాబట్టి ఇక్కడితో వదిలేస్తున్నాను. నాకు గుర్తున్నది వాకిలి ముందు వరుస. బొట్టు పెట్టుకున్న వాళ్లు, బురఖా వేసుకున్న వాళ్లు, చంటి పిల్లల్ని భుజాన వేసుకున్న రైతులు. "వీళ్లంతా మనవాళ్లేనా అమ్మమ్మా" అని అడిగాను. "అప్పుడు తిన్నవాళ్ల మనవలు" అంది.

నాన్న మాటకారి కాదు. చర్చిలో సాక్ష్యం, అంటే దేవుడు తనకు చేసిన మేలు, చెప్పమంటే లేచి "దేవునికి స్తోత్రం" అని కూర్చునేవారు. వర్క్‌షాపులో ఆయనది బోగీల ఓవర్‌హాలింగు. ఊళ్లన్నీ తిరిగొచ్చిన పెట్టెలను పైకెత్తి, చక్రాలూ బ్రేకులూ స్ప్రింగులూ విప్పి, చూసి, అరిగినవి మార్చి, మళ్లీ బిగించి పంపే పని. టిఫిను సంచిలో ఒక చిన్న నోటు పుస్తకం ఉండేది. తన చేతి మీదుగా వెళ్లిన పెట్టెల నంబర్లు అందులో రాసుకునేవారు. ఎవరినైనా రైలెక్కించడానికి సికింద్రాబాద్ స్టేషనుకు వెళ్తే చుట్టాలు ముందు నడుస్తుంటే ఈయన వెనకబడిపోయి పెట్టెల చివర రాసి ఉండే నంబర్లు, ఏ వర్క్‌షాపులో ఎప్పుడు ఓవర్‌హాలింగు అయిందో ఆ తేదీలు చదువుకుంటూ వచ్చేవారు. తనది కనబడితే ఆగేవారు. ప్లాట్‌ఫారం అంచున గొంతుక్కూర్చుని కింద బ్రేకు సరంజామా అంతా చూసి, ప్యాంటు దులుపుకుని లేచేవారు. చుట్టాల ముందు నాకు తల తీసేసినట్టుండేది. ఎందుకు నాన్నా అంటే, "రాత్రి ఇందులో ఎవరో పడుకుని వెళ్తారు, నిద్ర పట్టాలి కదా" అన్నారు.

ఒక ఆదివారం పాస్టరుగారు కొలొస్సయులకు పౌలు రాసిన మాట మీద ప్రసంగించారు. మీరేం చేసినా మనుషుల కోసమని కాక ప్రభువు కోసమని మనస్ఫూర్తిగా చేయండి అన్న వాక్యం. ఇంటికొచ్చాక నాన్న భోజనం దగ్గర బైబిలు తెప్పించి చూశారు. "ఇది ఎవరికి రాశాడో చూశావా? పైన ఉంది. దాసులకు. జీతం లేదు, సెలవు లేదు. నాకు రెండూ ఉన్నాయి, పైగా పెన్షను" అని ముద్ద కలుపుకున్నారు. ఆయన జీవితంలో చేసిన ప్రసంగం అదొక్కటే.

సండే స్కూల్ టీచరమ్మ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ఉద్యోగం చేసేది. గట్టి గొంతు, ఎవరినీ పూర్తిగా మాట్లాడనిచ్చేది కాదు. క్రిస్మస్ ముందు మమ్మల్ని గాంధీ ఆసుపత్రికి తీసుకెళ్లేది. ఆసుపత్రి అప్పుడు సికింద్రాబాద్ స్టేషను దగ్గరే ఉండేది. 2003లో ముషీరాబాద్‌లో పాత జైలు ఉన్న చోటికి మారింది. రొట్టెలు, అరటిపండ్లు పంచి రెండు పాటలు పాడి వచ్చేయడం రివాజు. ఒక ఏడాది మాత్రం టీచరమ్మ మా చేతుల్లో తలా కొన్ని పోస్టుకార్డులు పెట్టింది. "పాడటం అయ్యాక ఉత్తరం రాయాలా అని మంచం మంచానికీ వెళ్లి అడగండి. సిగ్గుపడితే మీకే నష్టం" అంది. ఏం నష్టమో చెప్పలేదు.

నాకు తగిలింది జహీరాబాద్ వైపు నుంచి వచ్చిన ముసలాయన. కాలికి తొడ దాకా కట్టు. ఉర్దూలో మొదలుపెట్టాడు. మాట్లాడటానికి మెట్టుగూడలో ఉర్దూ రానిదెవరికి? రాయడం మాత్రం రాదు. ఆ మాటే చెప్పాను. ఆయన నవ్వాడు. "మా ఊళ్లో ఉత్తరాలు చదివిపెట్టేది తెలుగు పంతులే బేటా, తెలుగులోనే రాయి." ఆయన ఉర్దూలో చెప్పాడు, నేను తెలుగులో రాశాను, అక్కడ పంతులుగారు దాన్ని మళ్లీ ఉర్దూ చేసి వాళ్లావిడకు వినిపించాలి. కాలు బాగుంది. మేకకు జ్వరం తగ్గిందా. చిన్నదాన్ని బడి మాన్పించవద్దు. డబ్బు పంపవద్దు, ఇక్కడ అన్నం పెడుతున్నారు. ఇక చోటు లేదంటే, చిరునామా పక్కన ఇరికించి ఇంకొకటి రాయమన్నాడు, ఈ రోజు పిల్లలు వచ్చి పాటలు పాడారని. ఆ కార్డు మొత్తం మీద నా చేతిరాత బాగా కుదిరింది ఆ ఒక్క ముక్కలోనే.

టీచరమ్మ బయటికొచ్చాక మాకు వాక్యమేమీ చెప్పలేదు. కార్డులన్నీ పోస్టు డబ్బాలో వేసి, ఏదైనా అంచున చిక్కుకుందేమోనని సందులో వేళ్లు పెట్టి మరీ చూసింది.

ఆ తర్వాతి కోత పండుగకు నేనొక సాహసం చేశాను. కోత పండుగంటే పల్లెల్లో వరి కంకులు, కొత్త బియ్యం, గుమ్మడికాయలు తెచ్చి దేవుని సన్నిధిలో పెట్టి వేలం వేస్తారు. మా పట్నం చర్చిలో ఎవరికీ సెంటు భూమి లేదు. అయినా పండుగ జరిగేది. మోండా మార్కెట్ కూరగాయలు కొన్ని, ఎవరి చేతి పని వాళ్లది కొంత. వడ్రంగి ఒక పీట తెచ్చేవాడు. దర్జీ జాకెట్టు కుట్టిపెడతానని చీటీ రాసిచ్చేవాడు. నాన్నది సైకిలు ఓవర్‌హాలింగు చీటీ. వేలం పాడేది వర్క్‌షాపు ఫోర్‌మన్ ఒకాయన. ఒక్క నిమ్మకాయను యాభై రూపాయలకు ఎక్కించేవాడు. కొన్నవాళ్లు దాన్ని తిరిగి ఇచ్చేస్తే మళ్లీ పాట. కోడి ఒకటి చేతులు మారీ మారీ చివరికి తెచ్చినావిడ ఇంటికే చేరిన సంవత్సరం కూడా ఉంది. నేను ఏమీ కొనలేను, ఏమీ చేయలేను కాబట్టి ఒక చీటీ రాసి బుట్టలో వేశాను, ఏడాది పొడవునా ఉత్తరాలు రాసిపెడతానని. ఫోర్‌మన్ గారు దాన్ని పైకి చదివితే చర్చి అంతా నవ్వింది. అమ్మ తల దించుకుంది. రెండు రూపాయలకు పాడుకున్నది ఒక ఆయమ్మ.

బడిలో ఆయాగా చేసేది ఆమె. కొడుకు దుబాయ్‌లో తాపీ పని. శనివారం సాయంత్రం మా అరుగు మీద కూర్చుని చెప్పేది, నేను రాసేదాన్ని. ప్రతి ఉత్తరం మొదట "మన ప్రభువైన యేసుక్రీస్తు నామంలో నీకు వందనాలు" అని ఉండాల్సిందే. తన దగ్గు సంగతి రాయకూడదు. కోడలి మీద ఫిర్యాదులు చెప్పేది, నేను రాయబోతే వద్దనేది, ఊరికే నీకు చెబుతున్నాను అనేది. చివర్లో మాత్రం ఎప్పుడూ ఒకటే మాట: "రాసినదెవరో వాడికి తెలియాలి కదా, నీ వందనాలు కూడా ఒక ముక్క పెట్టు." దుబాయ్‌లో ఉన్న ఆ అన్నయ్యను నేను చూడలేదు. అయినా ప్రతిసారీ నా వందనాలు పెట్టేదాన్ని.

కాలేజీ రోజుల్లో బైబిలులోని రోమా పత్రిక, అంటే రోములోని విశ్వాసులకు పౌలు పంపిన ఉత్తరం, చివరి అధ్యాయం చదువుతుంటే ఒక పేరు దగ్గర ఆగిపోయాను. తెర్తియు. పౌలు చెబుతుంటే ఆ పత్రిక రాసిన మనిషి. 16 అధ్యాయాల పత్రికలో ఆయనకు ఒక్క వాక్యం దొరికింది, ఈ పత్రిక రాసిన తెర్తియు అనే నేను మీకు వందనాలు చెబుతున్నాను అని. అచ్చం ఆయమ్మ పెట్టించిన ముక్కే. బైబిలులో ఎవరిలా ఉండాలనుకుంటున్నారని ఒక యూత్ మీటింగులో అడిగితే అందరూ దావీదు, దానియేలు, ఎస్తేరు అన్నారు. నేను తెర్తియు అన్నాను. అడిగిన అన్నయ్య బైబిలు తిరగేస్తూ కూర్చున్నాడు, మీటింగు అక్కడితో కాసేపు ఆగింది.

తర్వాత బ్యాంకు ఉద్యోగం. దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. కౌంటరు అవతల చలానా తలకిందులుగా పట్టుకుని నిలబడే మనిషి ఏ రోజైనా ఒకరుంటారు. నా పని వాళ్లతోనే అని ఎవరూ చెప్పకుండానే తెలిసింది, క్యూలో వెనక నిలబడ్డ వాళ్లు నన్ను తిట్టుకున్నా సరే.

ఈ మధ్య కూటాల్లో సాక్ష్యాలు వింటుంటాను. అమెరికా వీసా వచ్చింది, మియాపూర్‌లో ఫ్లాటు వచ్చింది, ప్రమోషను వచ్చింది. సంతోషమే, నాకే అభ్యంతరమూ లేదు. కాకపోతే ఫలానా పెట్టె బ్రేకులు సరిగ్గా బిగించాను, దేవునికి స్తోత్రం అని ఒక్కరైనా చెబితే వినాలని ఉంటుంది. అలాంటి వాళ్లు మాట్లాడరు, అదే చిక్కు.

2020లో లాక్‌డౌన్ వచ్చి చర్చి మూతపడినప్పుడు పిడికెడు బియ్యం ఇళ్లలోనే పేరుకుపోయింది. స్త్రీల మైత్రి అక్కలు ఫోన్లు చేసుకుని, అనుమతి తీసుకుని, కుర్రాళ్ల చేత స్కూటర్ల మీద ఆ డబ్బాలన్నీ పోగు చేయించారు. సొంత ఊళ్లకు వెళ్లలేక చిక్కుకున్న కూలీల దగ్గరికి ఆ బియ్యం వెళ్లింది. బీహార్ అమ్మాయి ఒకతె సంచిలో చెయ్యి పెట్టి చూసి, ఇన్ని రకాల బియ్యం ఒకే పొలంలో పండాయా అని అడిగిందట. మా ఇంటి డాల్డా డబ్బా తుప్పు పట్టి ఎప్పుడో పోయింది. అప్పటికి అమ్మ చేతిలో ఉన్నది స్టీలు డబ్బా. కొలత మాత్రం అమ్మమ్మదే.

ఇప్పుడు నా పంట నవంబరులో వస్తుంది. పెన్షనర్లు ఏటా ఆ నెలలో బతికే ఉన్నామని ధ్రువీకరణ ఇవ్వాలి. ఒకప్పుడు బ్యాంకుల ముందు తెల్లవారకముందే వరుసలు. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ అనే ఆన్‌లైన్ పద్ధతి వచ్చాక వేలిముద్ర చాలన్నారు. చాలలేదు. వర్క్‌షాపులో ఇనుముతో బతికిన వాళ్ల వేళ్ల మీద గీతలెక్కడివి? నాన్న బొటనవేలు పెడితే యంత్రం ఆయన్ను గుర్తుపట్టలేదు. మిగతా తొమ్మిదీ వరసగా పెట్టి చూశారు. "నేను లేనంటోంది" అని ఆయన నవ్వారు గాని నాకు నవ్వు రాలేదు. 2021లో ఫోనులో ముఖం చూపించే పద్ధతి వచ్చింది. ఆ ఏడాది నుంచి నవంబరు ఆదివారాల్లో ఆరాధన అయ్యాక చర్చి పక్క గదిలో బల్ల వేసుకుని కూర్చుంటున్నాను. ఆధార్ కార్డు, పెన్షను కాగితం, ఆధార్‌కు కలిపిన ఫోను నంబరు తెచ్చుకుంటే చాలు. మా చర్చి వాళ్లే రావాలని లేదు. క్వార్టర్లలో మా వరుసన ఉండిన ఫిట్టరు చాచా వస్తాడు, బోనం ఎత్తిన అత్తయ్యగారు ఫ్యామిలీ పెన్షనుకు వస్తుంది. చిలకలగూడ నుంచి, తార్నాక నుంచి పాత సహోద్యోగులను వెంటబెట్టుకుని వచ్చేవాళ్లూ ఉన్నారు.

పని చెప్పుకోదగ్గంత పెద్దది కాదు గాని ఓపిక కావాలి. ముఖం గీత మధ్యలో ఉండాలి, వెలుతురు ఎదురుగా పడాలి, కళ్లు ఒకసారి ఆర్పాలి. కిందటేడు ఒక తాతగారికి కళ్లు మూసి తెరవండి అని చెప్పాను. మూశారు. చర్చి గది, చేతులు కట్టుకుని కుర్చీలో కూర్చున్నారు, కళ్లు మూశారు, ఇంకేముంది, ప్రార్థన మొదలైపోయింది. దేశం కోసం, పాలకుల కోసం, రైల్వే శాఖ కోసం వరుసగా అయ్యాక ఆమెన్ అని కళ్లు తెరిచారు. అప్పటికి ఫోను మొదటికి వెళ్లిపోయింది. వెనక వరుసలో అందరూ ఆమెన్ అన్నారు.

రెండేళ్లుగా నా పక్కన పదో తరగతి చదివే పిల్ల ఒకతె కూర్చుంటోంది. మొదట సండే స్కూల్ వాళ్లు బలవంతంగా పంపితే వచ్చింది, ముఖం ముడుచుకుని. నాకంటే వేగం. తాతలను "సార్" అని పిలుస్తుంది, ఆ పిలుపుకే సగం మంది నా వైపు రావడం మానేశారు. శుక్లం ఆపరేషను అయిన వాళ్లను కిటికీ వైపు తిప్పకూడదని తనే కనిపెట్టింది. కెమెరా తుడవడానికి ఇంటి నుంచి మెత్తటి గుడ్డ తెస్తుంది. కిందటిసారి పని అయ్యాక కాగితాలు సర్దుతూ, ఈ స్టూళ్ల మీద పెద్దవాళ్లు వెనక్కి పడతారేమోనని భయంగా ఉంది ఆంటీ, వచ్చే ఏడాదికి వీపు ఆనేలా కుర్చీలు కావాలి, చేతులున్నవి, అంది. మాటగా చెబితే చర్చి వ్యవహారాలు చూసే పాస్టరేట్ కమిటీలో కదలదని అర్జీ రాయమన్నాను. అక్కడే కూర్చుని రాసింది. కింద సంతకం చేసి, రాసింది నువ్వేనని వాళ్లకు తెలియాలి, నీ పేరు స్పష్టంగా రాయి అన్నాను. కమిటీ ఆరు కుర్చీలకు ఒప్పుకుంది. ఆమె అడిగింది పది.